చెప్పుకోని కూర

మా ఇంట్లో రెండు రకాల కూరలుండేవి. చెప్పుకునే కూర, చెప్పుకోని కూర.

పప్పు, వంకాయ, ఎండుచేపలు, ఎప్పుడన్నా పండగపూట కోడికూర, ఇవన్నీ చెప్పుకునే కూరలు. దారిన పోయేవాళ్ళెవరన్నా "ఏం కూర వండారే?" అంటే నోరు తెరిచి చెప్పొచ్చు. చెప్పుకోని కూర ఒకటే. అది వండిన రోజు మా ఇంట్లో అందరి మొహాలూ వెలిగేవి. అదే రోజు గడప దాటేటప్పుడు అందరి నోళ్ళూ మూతపడేవి. ఇంత ఇష్టమైనదాన్ని ఇంత గుట్టుగా ఎందుకు తినాలో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు నాకు ముప్పై అయిదు దాటాయి. సర్కారు బళ్ళో టీచరుగా పనిచేస్తున్నాను. మా వంశంలో డిగ్రీ చేతపట్టుకున్న మొదటి మనిషిని. నిజం చెప్పాలి, అబద్ధమాడకూడదు అని రోజూ పిల్లలకు పాఠం చెబుతాను. అందుకే ఈ కూర సంగతి రాయక తప్పడం లేదు. తిన్నది దాచడం అబద్ధమా? అబద్ధమైతే అది ఎవరి అబద్ధం? దాచినవాళ్ళదా, దాచుకోవాల్సొచ్చేట్టు చేసినవాళ్ళదా? స్నేహితుల దగ్గర కూడా దాస్తే దాన్ని స్నేహమనొచ్చా? ఈ ప్రశ్నలు నాకు పుస్తకాల్లో దొరికినవి కావు. మా అమ్మ క్యారేజీలోంచి వచ్చినవి.

మాది ప్రకాశం జిల్లా. ఊరికి తూర్పున వుండే పల్లె. ఆదివారం పొద్దున్నే నాయన పెద్దకూర తెచ్చేవాడు. మా దగ్గర అప్పట్లో కిలోల లెక్క లేదు, పోగుల లెక్క. కండ, కొవ్వు, ఎముక, కార్జం, బోటి, అన్నీ కలిపి తాటాకు చాపమీద పోగులు పెట్టేవాళ్ళు. ఏ పోగు చూసినా ఒకటే. ఎవడికీ అచ్చంగా కండ రాదు, ఎవడికీ అచ్చంగా ఎముకలు రావు. సమానత్వమనే మాట నేను సాంఘికశాస్త్రంలో చదవడానికి ముందే ఆ చాపమీద చూశాను.

తెచ్చినదాంట్లో సగం ఆ పూటే వండేది అమ్మ. మిగతా సగాన్ని కత్తిపీట ముందేసుకుని, తెగిపోకుండా తాడులాగా పొడుగ్గా కోసేది. ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసేది. కాకుల్ని తోలడం నా పని. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో పుస్తకం. పన్నెండో ఎక్కం నేను ఆ దండెం కిందే నేర్చుకున్నాను. మూడు నాలుగు ఎండలకి అవి కట్టెల్లాగా గట్టిపడేవి. వాటిని తునకలంటాం. కుండలో పోసి మూతికి గుడ్డ కట్టి అటక మీద పెట్టేది. వానాకాలంలో పనుల్లేని రోజులొస్తాయి. కూలి లేదు, కూర లేదు. అప్పుడు దిగేది ఆ కుండ. పిడికెడు తునకలు తీసి, వేణ్ణీళ్ళలో నానేసి, మెత్తగా ఉడికించి, దోసకాయో గోంగూరో వేస్తే ఆరుగురికి సరిపోయే కూరయ్యేది. ఫ్రిజ్జు అనే మాట మా పల్లెకు తెలియని రోజుల్లో, ఎండనే ఫ్రిజ్జు చేసుకుని మా అమ్మలు మమ్మల్ని బతికించారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో అందరికంటే చివర తినేది అమ్మ. అప్పటికి ముక్కలుండవు. గిన్నెలోనే అన్నం వేసుకుని, అంటుకున్న పులుసు తుడిచి తినేది. "నాకు ముక్కకంటే పులుసంటేనే ఇష్టం" అనేది. ఆ మాట నేను చాలా ఏళ్ళు నమ్మాను.

బడికెళ్ళే రోజు పొద్దున్నే అమ్మ నాకు తలదువ్వుతా చెప్పేది. "అయ్యవారు అడిగితే పప్పని చెప్పమ్మా. పక్కన కూచున్న పిల్లలకీ అదే చెప్పు." అమ్మ అబద్ధాల మనిషి కాదు. కిరాణా కొట్టువాడు పొరపాటున రూపాయి ఎక్కువిస్తే మండుటెండలో వెనక్కెళ్ళి ఇచ్చొచ్చిన మనిషి. అలాంటి మనిషి నాకు నేర్పిన మొదటి అబద్ధం పప్పు. బళ్ళో హరిశ్చంద్రుడి కథ చెప్పారు. సత్యం కోసం రాజ్యం వదిలాడు, ఆలిని అమ్ముకున్నాడు అని చెప్పారు. కాశీలో వీరబాహుడి దగ్గర కాటికాపరిగా చేరాడనే ముక్క దగ్గరకొచ్చేసరికి మా అయ్యవారి గొంతు తగ్గింది. కాటి పని మా పల్లెదే. సత్యం నిలబెట్టుకోడానికి రాజు మా పనిలోకి వచ్చాడు. మేమేమో మా పనిలోనే వుండి, బడికి రావడానికి అబద్ధం నేర్చుకున్నాం. ఈ తేడా అప్పుడు నాకు తెలియలేదు. వెనకబెంచీలో కూచుని ఎందుకో ఏడుపొచ్చింది, అంతే.

"అది మానేస్తే మీరూ మనుషులవుతార్రా" అని నాయన కూలికెళ్ళే ఆసామి ఒకసారి అన్నాడంట. నాయన ఆ మాట గట్టిగానే పట్టించుకున్నాడు. రెండేళ్ళు ముట్టలేదు. మమ్మల్నీ ముట్టనివ్వలేదు. ఆ రెండేళ్ళలో టీ కొట్టు దగ్గర నాయన గ్లాసు చూరులోంచి కిందికి దిగలేదు. తను కడుక్కుని, తను తాగి, తనే మళ్ళీ చూరులో పెట్టుకోవాలి. రెండేళ్ళయ్యాక ఒక ఆదివారం నాయన మాట్లాడకుండా పోగు పట్టుకొచ్చి అమ్మ ముందు పెట్టాడు. "తినకపోయినా గ్లాసు అదేగా" అన్నాడు. నేను విన్న తర్కాల్లో ఇంతకంటే గట్టిది ఇంకోటి లేదు.

పెద్దయ్యాక అంబేద్కర్‌ని చదివినప్పుడు నాకొక సందేహం వచ్చింది. 1927లో మహద్‌లో ఆయన మనవాళ్ళకి చచ్చిన గొడ్డు మాంసం మానేయమని చెప్పాడు గదా, మరి ఆసామి చెప్పినదీ అదే గదా అని. కాదు. ఊరు విసిరేసినదానికి చేయి చాచొద్దు, చేయి చాచడంలో మన బానిసత్వముంది అన్నాడాయన. మన కష్టంతో కొనుక్కుని వండుకున్న తిండికి సిగ్గుపడమని అనలేదు. 1948లో అంటరానితనం పుట్టుక గురించి రాసిన పుస్తకంలో, గొడ్డుమాంసం తినడాన్ని అడ్డం పెట్టుకునే కొందరిని వెలివేశారని ఆయన వాదించాడు. అంటే మా పళ్ళెంలో వున్నది కూర మాత్రమే కాదు. మమ్మల్ని ఊరి బయట నిలబెట్టిన గీత కూడా.

హైస్కూలుకి సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరాను. అక్కడ దాచడానికేమీ లేదు. అందరం పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. సెలవులకెళ్ళి వచ్చిన పిల్ల ట్రంకుపెట్టెలో తునకలుంటే రాత్రి లైటు తీసేశాక పంచుకుని నమిలేవాళ్ళం. దాచకుండా తినడమంటే ఏమిటో నాకు ఆ చీకట్లోనే తెలిసింది. కాలేజీకొచ్చాక మళ్ళీ మూత పడింది. 2012 ఏప్రిల్లో ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ చేశారు. గొడవలయ్యాయి. పేపర్లో ఫోటో చూసి నా రొమ్ము పొంగింది. పక్క మంచం అమ్మాయి "ఛీ" అంది. నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. నా పొంగు నాలోనే వుండిపోయింది. అక్కడ తిన్నవాళ్ళ ధైర్యం తక్కువని అననుగానీ, వాళ్ళ పక్కన వాళ్ళలాంటివాళ్ళు వందలమంది వున్నారు. గదిలో నేనొక్కదాన్నే.

2016లో ఉద్యోగమొచ్చింది. టౌన్లో అద్దె ఇల్లు కోసం తిరిగాం. ఇల్లుగలామె గదులు చూపించి, కుళాయి చూపించి, చివర్లో "మీరెవరు?" అనడిగింది. పేరు అప్పటికే చెప్పాం. అడిగింది పేరు కాదు. నా భర్త ఏదో సర్దిచెప్పాడు. "నాన్‌వెజ్ వండుకోండి, నాకేం పట్టింపు లేదు. చికెనూ చేపలూ అయితే పర్లేదు" అంది. మిగిలినదాని పేరెత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఆ ఇంట్లో నేను తునకలు వండితే ముందు కిటికీలు మూసేదాన్ని, తర్వాత అగరొత్తులు వెలిగించేదాన్ని. అమ్మ పంపిన తునకలు హార్లిక్స్ సీసాలో పోసి, పైన నాలుగు ఎండుమిరపకాయలు కప్పేదాన్ని. జీతం పెరిగింది, గ్యాసుపొయ్యి వచ్చింది, కుక్కరొచ్చింది. మూత మాత్రం మా అమ్మ పెట్టినదే.

నా స్నేహితురాలి గురించి చెప్పాలి. ఆమె పేరు రాయను. ఇది చదువుతుంది గనక రాయను. మా బళ్ళోనే టీచరు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను. ఊరి నడిబొడ్డు కులంలో పుట్టింది. 2019లో నా కాన్పు కష్టమైనప్పుడు రెండు రాత్రులు ఆస్పత్రి వరండాలో గోడకానుకుని కూచుంది. డబ్బు చాలకపోతే చేతి గాజులు తీసి బ్యాంకులో పెట్టింది. "నువ్వు లేచి తిరిగినాక ఇద్దువుగాన్లే" అంది. అంత మనిషి. ఇది ముందు చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమైపోద్ది.

ఏడేళ్ళు స్టాఫ్ రూములో పక్కపక్కన కూచుని బాక్సులు విప్పుకున్నాం. ఆమె బాక్సులోంచి నేను, నా బాక్సులోంచి ఆమె. "నీ గోంగూర లేకపోతే నాకు ముద్ద దిగదే" అనేది. నేను మురిసిపోయేదాన్ని. ఏడేళ్ళలో నా బాక్సులోకి చెప్పుకునే కూరలు మాత్రమే వచ్చాయి. ఆమె కార్తీకమాసంలో ఉల్లిపాయ తినదు. శనివారం ఒంటిపూట. అది మా అందరికీ తెలుసు. కార్తీకం వస్తే మేం కూడా బాక్సులో ఉల్లి లేకుండా చూసుకునేవాళ్ళం. ఆమె నియమం గదినిండా పరుచుకుని కూచునేది. నా తిండి హార్లిక్స్ సీసాలో మిరపకాయల కింద వుండేది. తిండి ఎవరి సొంత విషయం వాళ్ళది, దాంట్లో చెప్పుకునేదేముంది అని అనేవాళ్ళున్నారు. మరి ఆమె సొంత విషయం అందరికీ ఎలా తెలిసింది? నాది ఆమెకి కూడా ఎందుకు తెలియలేదు?

2023 ఆగస్టులో ఒక ఆదివారం అమ్మ వచ్చింది. నలభై కిలోమీటర్లు బస్సులో నిలబడి, నాలుగు గిన్నెల క్యారేజీ పట్టుకుని వచ్చింది. గోంగూర తునకలు. మూత తీస్తే ఇల్లంతా మా పల్లె అయిపోయింది. తిందామని పళ్ళేలు పెట్టుకుంటుంటే ఫోను. అక్క. "ఇటు పెళ్ళికొచ్చాం, పిల్లలు నిన్ను చూస్తామంటున్నారు. పది నిమిషాల్లో మీ ఇంట్లో వుంటాం."

ఆ పది నిమిషాల్లో నేను చేసిన పనులు వరసగా రాస్తాను. కిటికీలన్నీ తెరిచాను. ఫ్యాను పెంచాను. అగరొత్తులు నాలుగు వెలిగించాను. అమ్మ చేతిలోంచి క్యారేజీ లాక్కుని వంటగదిలో చూశాను, చోటు లేదు. పడకగదిలో పెడితే పిల్లలు అటూ ఇటూ పరిగెత్తుతారు. స్నానాలగదిలోకి తీసుకెళ్ళి బకెట్టు వెనక పెట్టి తలుపేశాను. వచ్చి గుడ్లు ఉడకేశాను. అమ్మ గోడపక్కన నిలబడి ఇదంతా చూసింది. ఒక్క మాట అనలేదు. పమిటతో చేతులు తుడుచుకుని నాకు ఉల్లిపాయలు కోసిచ్చింది.

అక్క వచ్చింది. నవ్వుల్లో గుడ్లకూర అయిపోయింది. వెళ్తా వెళ్తా అమ్మ చేతులు పట్టుకుని, "పిన్నిగారూ, ఈమె గోంగూర మీ దగ్గర నేర్చుకున్నదే గదా. ఈసారి మీరే వండి పంపాలి నాకు" అంది. అమ్మ తల వంచుకుని "అట్టనే పంపిస్తానమ్మా" అంది. నా నెత్తిన పిడుగుపడినట్టయింది.

సాయంత్రం బస్సుకి అమ్మ క్యారేజీ వెనక్కి తీసుకెళ్ళిపోయింది. "వుండనీయమ్మా, రాత్రికి తింటాను" అన్నాను. "యాడ తింటావులే, పాడైపోద్ది. పల్లెలో పిల్లకాయలు తింటారు" అంది. బస్సెక్కబోతా ఇంకో మాటంది. "వచ్చేటప్పుడు బస్సులో పక్కనామె అడిగింది, ఏం కూర అని. గోంగూరని చెప్పా. అబద్ధం కాదుగా. గోంగూర వుందిగా అందులో." అని నవ్వింది. నన్ను ఓదార్చడానికే ఆ నవ్వు. తర్వాత మా చెల్లెలు ఫోనులో చెప్పింది. ఆ క్యారేజీలో అమ్మ ఏరి ఏరి ముక్కలే పెట్టిందంట. తను పులుసు తుడుచుకుని తిని బయల్దేరిందంట.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను ఎవరికి ద్రోహం చేశాను? అక్కకి నిజం చెప్పలేదు, అది ఒకటి. కానీ అక్క నన్ను అడగలేదు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా "మీ ఇంట్లో ఇంకేం వండుకుంటారు?" అని అడగలేదు. అడగకపోవడం మర్యాదేనా? లేకపోతే అడిగితే ఏం వినాల్సొస్తుందో తెలిసి అడగలేదా? నేనూ ఆమెకి ఆ అవకాశమివ్వలేదు. ఇద్దరం కలిసి ఒక మూత పట్టుకుని కూచున్నాం. ఆ మూత జారకుండా వున్నన్నాళ్ళూ దాన్నే స్నేహమనుకున్నాం.

అంబేద్కర్ 1936లో లాహోరులో జాత్‌పాత్ తోడక్ మండల్ సభ కోసం ఒక ప్రసంగం రాసుకున్నాడు. సభ జరగలేదు, ప్రసంగమే 'కుల నిర్మూలన' పుస్తకమైంది. సహపంక్తి భోజనాలతో కులం పోదని ఆయన అందులో తేల్చి చెప్పాడు. పెళ్ళిళ్ళు కలవాలి, కులాన్ని మోస్తున్న శాస్త్రాల మీద నమ్మకం పోవాలి అన్నాడు. బి.ఎడ్. చదివేటప్పుడు ఆ మాట నాకు మింగుడుపడలేదు. కలిసి తింటే ఎందుకు పోదు అనుకున్నాను. ఏడేళ్ళు కలిసి తిన్నాక అర్థమైంది. పక్కపక్కన కూచోవడం ఒకటే చాలదు. ఎవరి కూర ఎవరి పళ్ళెంలోకి పోతోందో చూడాలి. ఎవరి కూర బల్లమీద వుందో, ఎవరిది బకెట్టు వెనక వుందో చూడాలి.

మరాఠీలో షాహు పటోలే అనే ఆయన 2015లో మహర్, మాంగుల వంటల మీద ఒక పుస్తకం రాశాడు. అన్నం పూర్ణబ్రహ్మం అని పెద్దలంటే, ఆయన తన పుస్తకానికి అన్నం అపూర్ణబ్రహ్మం అని పేరు పెట్టాడు. ఆ ఒక్క అక్షరం నన్ను పట్టుకుంది. మా అమ్మ వంట లేని లెక్క పూర్ణమెట్లా అవుద్ది?

ఇంతవరకూ నేను నా బాధే చూసుకున్నాను. దసరా సెలవులయ్యాక నా తరగతిలో ఇంకోటి జరిగింది. నాలుగో తరగతికి పరిసరాల విజ్ఞానం చెబుతున్నాను. ఆహారం పాఠం. మీ ఇళ్ళల్లో ఏమేం తింటారో చెప్పండి, బోర్డు మీద రాద్దాం అన్నాను. అన్నం, పప్పు, రొయ్యలు, గుడ్లు, చికెన్, పిల్లలు అరుస్తున్నారు, నేను రాస్తున్నాను. చివర వరసలో పల్లె పిల్ల ఒకతి కూచునుంది. "నువ్వు చెప్పమ్మా, రాత్రి ఏం తిన్నావు?" అన్నాను. ఆ పిల్ల లేచి, ఒక్క క్షణం నా మొహం చూసి, కళ్ళు దించుకుని, "పప్పు టీచర్" అంది.

ఆ చూపు నాకు తెలుసు. ఆ పప్పు నాకు తెలుసు. అడగాల్సిన వాడు అడిగితే చెప్పాల్సిన జవాబది. ముప్పై ఏళ్ళ కింద నేను చెప్పాను. ఇప్పుడు అడిగే అయ్యవారు నేనే అయ్యాను. "మంచిది, కూచో" అన్నాను. బోర్డు వైపు తిరిగితే సుద్దముక్క కదల్లేదు. ఆ జాబితాలో లేనిది ఏమిటో ఆ గదిలో ఇద్దరికి తెలుసు. ఇద్దరం దాచాం.

మధ్యాహ్నం వరండాలో పిల్లలు అన్నాలకి కూచున్నారు. మన రాష్ట్రంలో ఈ భోజనం 2003 జనవరిలో మొదలైంది. అప్పుడది ప్రాథమిక తరగతులకే, నేను అప్పటికే హైస్కూలు. వంటమనుషుల్ని పెట్టుకునేటప్పుడు దళితులకూ ఎస్సీ ఎస్టీలకూ ముందు అవకాశమివ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్లో చెప్పింది. మా బళ్ళో వండేది మా మనిషే. ఆమె చేతి సాంబారు అందరి పిల్లలూ తింటున్నారు. ఇది చిన్న మార్పు కాదు. మా నాయన గ్లాసు చూరులో వున్న రోజులు చూసినదాన్ని గనక చెబుతున్నాను. చట్టం మా చేతిని వంటగదిలోకి తెచ్చింది. కానీ మా కూరను మా నోటితో చెప్పించే చట్టం లేదు. అది మనుషుల మధ్యనే జరగాలి.

ఆ వరండాలో నిలబడి నేనొక నిర్ణయానికొచ్చాను. తప్పొప్పుల మాట అడిగితే ఇదే నేను చెప్పగలిగింది. ఆ పిల్ల అబద్ధం తప్పు కాదు. మా అమ్మ నేర్పిన పప్పూ తప్పు కాదు. బలహీనుడు భయపడి దాచుకుంటే ఆ అబద్ధం భయపెట్టినవాడి ఖాతాలో పడుద్ది. అద్దె ఇంటామె దగ్గర కిటికీ మూసినందుకు కూడా నేను సిగ్గుపడను. నెత్తిమీద కప్పు ముఖ్యం. కానీ సుద్దముక్క చేతిలో వున్న మనిషి, నెలకి జీతమందుకునే మనిషి, బోర్డు మీద ఏం రాయాలో నిర్ణయించే మనిషి దాస్తే అది అదే దాచడం కాదు. భయం ఇద్దరిదీ ఒకటే కావచ్చు, బాధ్యత ఒకటి కాదు. నేను దాచిన ప్రతిసారీ, దాచాల్సిందే అని ఆ పిల్లకి పాఠం చెప్పినట్టే. ఇక స్నేహం దగ్గర దాచితే, ఆ స్నేహాన్ని పరీక్షకి కూడా కూచోనివ్వకుండా ఫెయిల్ చేసినట్టే.

మర్నాడు స్టాఫ్ రూములో ఇద్దరమే వున్నప్పుడు అక్కకి చెప్పాను. ఆగస్టులో ఆ ఆదివారం క్యారేజీ ఎక్కడ పెట్టానో చెప్పాను. అందులో ఏముందో పేరు పెట్టి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నన్ను అంత చిన్నదాన్ని అనుకున్నావుటే" అంది. నాకు జవాబు రాలేదు. అందులో నిజముంది. దాచడంలో నా భయమే కాదు, ఆమె మీద నేనిచ్చిన తీర్పు కూడా వుంది. ఆమెని అడగకుండానే ఇచ్చిన తీర్పు.

కాసేపయ్యాక ఇంకో ప్రశ్న వేసింది. గొంతు చిన్నది చేసి, "దానికి గిన్నెలు వేరే వుంటాయా మీ ఇంట్లో?" అంది.

"లేదక్కా. ఒకటే గిన్నె. ఏడేళ్ళ నుంచీ ఒకటే గిన్నె."

బెల్లు కొట్టారు. ఇద్దరం తరగతులకెళ్ళిపోయాం.

మర్నాడు అక్క ఒంట్లో బాలేదని టిఫిను తెచ్చుకోలేదు. తర్వాతి రోజు హెడ్మాస్టరు గదిలో పని వుందంది. మూడో రోజు బాక్సు తెచ్చుకుంది, కిటికీ దగ్గర కూచుని తింది. ఆ మూడు రోజులూ నాకు ముద్ద మింగుడుపడలేదు. ఆస్పత్రి వరండా గుర్తొచ్చేది, గాజుల్లేని ఆమె చేతులు గుర్తొచ్చేవి. చెప్పకుండా వుంటే పోయేదేమో అని కూడా అనిపించింది. నాలుగో రోజు వచ్చి నా పక్కన కూచుంది. ఏం కూరని అడగలేదు. నా బాక్సులో చేయిపెట్టి ముద్ద కలుపుకుంది. చెయ్యి కొంచెం తడబడింది. నేను చూశాను. నేను చూడ్డం ఆమె చూసింది. "అది నేను తినలేను. అలవాటు లేదు. కానీ నువ్వు దాచొద్దు" అంది. తర్వాత "పాపం, పిన్నిగారు" అంది. ఆమె కళ్ళు తడయ్యాయి.

దీన్ని గెలుపని నేననను. ఆ మూడు రోజుల్ని లెక్కలోంచి తీసేయను. మా స్నేహంలో ఆస్పత్రి రెండు రాత్రులెంత నిజమో, ఆ మూడు మధ్యాహ్నాలూ అంతే నిజం. ఆమె తినాలని నేను కోరలేదు. నేను కార్తీకం ఉపవాసముండనట్టే ఆమె తునకలు తినదు. కానీ స్నేహితులొస్తున్నారంటే పొయ్యి మీద గిన్నె దించాల్సిన పని లేకుండా వుండాలి. మనిషొస్తే ఇల్లు మారకుండా వుంటే, ఆ మనిషిని స్నేహితులనొచ్చు. నాకు తెలిసిన కొలత ఇదొక్కటే.

సంక్రాంతికి పల్లెకెళ్ళినప్పుడు అమ్మకి ఇదంతా చెప్పాను. క్షమించమని అడగడం మా ఇళ్ళల్లో అలవాటు లేదు. అయినా అడిగాను. అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోస్తా, "నీకెందుకే అంత బాధ. నేర్పింది నేనేగా" అంది. కాసేపాగి, "ఈసారి తెస్తే యాడ పెడతావ్?" అంది. "బల్లమీద" అన్నాను. ఆ రాత్రి అందరం తినేదాకా ఆగకుండా, ముందు అమ్మ పళ్ళెంలో ముక్కలు వేశాను. "నాకు పులుసే ఇష్టం" అంది గానీ ముక్క వదల్లేదు. అడగకుండా నమ్మిన అబద్ధం నాది కూడా ఒకటుందని అప్పుడు తెలిసింది. ఊరు మా పళ్ళెంలోకి తొంగిచూసిందని ఇన్నాళ్ళూ కోప్పడ్డాను. మా అమ్మ పళ్ళెంలోకి నేను మాత్రం ఎప్పుడు చూశాను?

సెలవులయ్యాక ఆహారం పాఠం మళ్ళీ తీశాను. ఈసారి పిల్లల్ని అడగలేదు. ముందు నా సంగతి చెప్పాను. "పండక్కి మా అమ్మ తునకల కూర వండింది, నాకు చాలా ఇష్టం" అని చెప్పి, అన్నం, పప్పు, రొయ్యల కింద 'తునకలు' అని బోర్డు మీద రాశాను. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. రేపు ఎవరి నాన్నన్నా వచ్చి అడగొచ్చు. అడిగితే చెబుతాను. చివర వరసలో ఆ పిల్ల తలెత్తలేదు. ఏమీ అనలేదు.

సాయంత్రం నోట్సులు దిద్దడానికి కూచున్నాను. ఆ పిల్ల నోట్సులో జాబితా అంతా ఎక్కించుకుంది. 'తునకలు' దగ్గర 'తున్నకలు' అని రాసింది. దాని పక్కన, నేను బోర్డు మీద రాయని మాట ఒకటి పెన్సిలుతో చిన్నగా కలిపింది. 'దోసకాయ'.

ఎర్ర పెన్నుతో ఒక్క ఒత్తు కొట్టేసి, రెండింటికీ కలిపి టిక్కు పెట్టాను.